మా కిటికీలో మీ శత్రువు లేడు, మహాప్రభో

మహారాజశ్రీ దక్షిణాఫ్రికా నేల హార్న్‌బిల్ పక్షి వారి దివ్యసముఖమునకు,

క్రూగర్ అభయారణ్యం పక్కన, హోడ్‌స్ప్రూట్ శివారులో కాపురముంటూ, నిన్నటితో ఐదో కిటికీ అద్దం కోల్పోయిన తెలుగువాడు సవినయంగా వ్రాసుకొను విన్నపము.

నిన్న ఉదయం ఆరు కాకముందే తమరు సపరివారంగా మా పెరట్లోకి విచ్చేశారు. కొత్త అద్దం బిగించి రెండు రోజులే అయింది. చుట్టూ పెట్టిన లప్పం ఇంకా వేలికి అంటుతూనే ఉంది. ముక్కున కరచుకొని తెచ్చిన రెండు కప్పలను తమరు మెట్టు మీద జాగ్రత్తగా దించి, సినిమా తారలకు సైతం దక్కని ఆ పొడవాటి కనురెప్పల చాటు నుంచి అద్దంలోని పక్షిని పరికించి, ఎర్రటి గొంతు సంచిని ఉబ్బించి, ఒంట్లోని బలమంతా మెడలోకి తెచ్చుకొని పొడిచారు. నాలుగో పోటుకు అద్దం నా మంచం మీదికి వచ్చింది. కప్పలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని మళ్లీ ముక్కున కరచుకొని, మునివేళ్ల మీద హుందాగా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

మీ కుటుంబం ఏలుబడిలో సుమారు 100 చదరపు కిలోమీటర్ల నేల ఉంటుందట. అంత రాజ్యంలో మీకు పగవాడు దొరికింది మా పడకగది కిటికీలోనే! వాడు మీరు వచ్చినప్పుడే వస్తాడు, మీరు పోగానే పోతాడు, మీరు కప్పలు దించినప్పుడే తానూ దించుతాడు. అయినా మీకు రవ్వంత అనుమానం రాలేదు. నలుగురూ చుట్టుముట్టి విషసర్పాన్ని మట్టుబెట్టగల నేర్పు ఉన్నవారు, అద్దం దగ్గరికి వచ్చేసరికి ఇంత అమాయకులెలా అయ్యారు? గది లోపల చీకటి, బయట వెలుగు ఉన్నప్పుడు ప్రతిబింబం స్పష్టంగా కనిపిస్తుందని తెలిసి, తెల్లవారుజామునే దీపాలు వేశాను. సబ్బు నురుగు పూశాను. దుప్పటి కట్టాను, దాన్ని మీరు లాగి పారేశారు. అంతలో కారు తలుపులో మరో శత్రువును కనిపెట్టారు.

సూర్యోదయానికి ముందు మైళ్ల దూరం వినబడేలా మీ దంపతులు సాగించే గంభీర సంభాషణను సింహగర్జన అనుకొని, వచ్చిన కొత్తలో వారం రోజులు గడప దాటలేదు, దాన్ని క్షమించాను. మీ బంధువర్గంలో చాలామంది ఇళ్లలో ఆడపక్షి పొదిగే కాలమంతా చెట్టుతొర్రలో చేరి, ద్వారం మూసుకొని కూర్చుంటుంది. మీ ఇంట ఆ ఆచారం లేకపోవడం అభ్యుదయమే, కాదనను. మా అమ్మ ఫోనులో శాంతి చేయించమంటోంది. ఎవరికి చేయించాలి? అద్దంలో ఉన్నది నువ్వే! నీ ముక్కు, నీ గొంతు, నీ పొగరు! ఇంకెన్ని అద్దాలు పగిలితే నీకు తెలుస్తుంది?

మన్నించాలి, నోరు జారాను. కిటికీలు పగలగొట్టినందుకే మీవాళ్లను చంపినవారు ఈ దేశంలో ఉన్నారని తెలిసి కూడా అరవడం నా తప్పే. మిమ్మల్ని చంపి నీటిలో వేస్తే ఆకాశం ఏడ్చి వాన కురుస్తుందని ఇక్కడ పాత నమ్మకం కూడా ఉంది. ఇంటిల్లిపాదీ చాకిరీ చేసినా, సగటున తొమ్మిదేళ్లకు గాని మీ గుంపులో ఒక పిల్ల రెక్కలు తొడిగి ఎగరదు. రెండు గుడ్లు పెట్టినా, ఆలస్యంగా పుట్టిన రెండోది ఆకలితో పోతుంది. దాన్ని ముందే తెచ్చి చేతులతో పెంచే మనుషులు ఉన్నారంటే, మీ కోపతాపాలను నాకన్నా ఓపికగా భరించేవారు ఉన్నట్టే.

నిన్న మీ వెనుక ఇంకా గొంతు ఎర్రబడని పిల్ల ఒకటి నడిచింది. మీరు వెళ్లాక అది ఒక్కతే ఆగి, మెట్టు మీద పడిన గాజుముక్కను ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూసింది. కోసుకుంటుందేమోనని చీపురు పట్టుకొని పరుగెత్తాను.

శనివారం కిటికీకి ఇనుప వల బిగిస్తున్నాను. ఆ పిల్లను తీసుకొని రండి. కారు జోలికి మాత్రం పోకండి.

ఇట్లు,
కిటికీకి గోనెపట్టా కట్టి, పట్టపగలు దీపం వెలిగించుకొని కూర్చున్న
తమ విధేయుడు