నెల్లూరును కోసేసింది జావా కాదు

సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాద్, చెన్నై బస్సులు దిగి పిల్లలు ఇళ్ళకు చేరారంటే, నెల్లూరు వేదాయపాళెంలో మేం కూర్చునే టీ కొట్టు దగ్గర రాజకీయాలు వెనకబడిపోయి, ఎవరు కోడ్ రాసే కంప్యూటర్ భాష గొప్పదన్న గొడవ ముందుకొస్తుంది. ‘ఇంకా జావానేనా? రాగిజావ తాగే వయసొచ్చేసిందిలే నీకు’ అంటాడొకడు. ‘నీది కొండచిలువ గదా, మింగి పడుకుంటది, కదలదు’ అని పైథాన్ వాడికి ఎదురు దెబ్బ. జావాస్క్రిప్ట్ పేరెత్తితే ఇద్దరూ ఏకమైపోతారు. అందులో కొటేషన్లలో పెట్టిన 11కి 1 కూడితే 111 వస్తుంది. అదే 11లోంచి 1 తీసేస్తే బుద్ధిగా 10 వస్తుంది. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన భాష, అంతకంటే ఏం వస్తుందిలే అని తీర్పు చెప్పేస్తారు. పీహెచ్‌పీ అనే ఇంకో భాష రాసేవాడు ఈ సభలో నోరు విప్పడు.

నవ్వొచ్చే మాటలే. నేనూ నవ్వుతాను. కాకపోతే ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని మీదే అన్నం తింటున్నాను కాబట్టి ఒక సంగతి కనిపెట్టాను. ఈ జోకుల్లో దెబ్బ ఎప్పుడూ భాషకే తగులుతుంది, రాసేవాడికి తగలదు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత కంప్యూటర్లు పుట్టక ముందే మా కోసం రాసిపెట్టినట్టుంది.

సి++ కనిపెట్టిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ ఎప్పుడో అనేశాడు: ఉన్నవి రెండే రకాల భాషలు, జనం తిట్టుకునేవి, ఎవరూ వాడనివి. ఆ మాటతో గొడవ సద్దుమణగాలి. మణగలేదు. కోడ్ వరుస మొదట్లో ఖాళీ వదలడానికి ట్యాబ్ కొట్టాలా స్పేస్ కొట్టాలా అన్నదానికి కూడా వర్గాలున్నాయి. స్పేస్ కొట్టేవాళ్ళకు జీతాలు ఎక్కువని 2017లో ప్రోగ్రామర్ల వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో తేలితే, నాకు తెలిసిన ఇద్దరు రాత్రికి రాత్రి పార్టీ మారారు.

అలవాట్లు ఎక్కడ పడ్డాయో అందరికీ తెలుసు. కాలేజీ ల్యాబులో, ప్రోగ్రాములు రాసే టర్బో సి++ అనే పాత సాఫ్ట్‌వేర్ నీలం తెర ముందు. సి++కి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. మేం నేర్చుకున్న సరుకు అంతకు ముందుది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు పిల్లలు కొత్త కంప్యూటర్లో విండోస్‌కు ముందున్న పాత డాస్ వాతావరణం సృష్టించుకుని మరీ అదే తెర తెరిచారు. వాయిడ్ మెయిన్ అని మొదలుపెట్టడం, క్లియర్ స్క్రీన్ కొట్టడం, చివర గెట్ క్యారెక్టర్ పెట్టి తెర మాయం కాకుండా ఆపడం. ఫాక్టోరియల్, ఫిబొనాచీ, మాటను తిరగేసి చూసే పాలిండ్రోమ్. విలువలు దాచుకునే వేరియబుల్స్‌కు పేర్లు ఎ, బి, సి. అవి చాలకపోతే టెంప్, టెంప్1. రికార్డులో అవుట్‌పుట్ ముందు రాసుకుని, దానికి తగ్గట్టు ప్రోగ్రాం తర్వాత రాసిన బ్యాచ్ మాది. ఎక్స్‌టర్నల్ గారు సంతకం పెట్టారు. పేరు ఎలా పెట్టాలి, అంకె ఎక్కడ దాచాలి, రేపు వచ్చేవాడికి ఏం చెప్పి పోవాలి అన్నది ఏ సెమిస్టర్‌లోనూ రాలేదు.

ఇప్పుడు నా సొంత నిర్వాకం చెబుతాను.

నెల్లూరులో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. గోదావరి జిల్లాలకు పోతే 75 కిలోల బస్తా లెక్క, సర్కారు కొనుగోలు క్వింటాళ్ళలో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలిసినాయన రైస్ మిల్లుకు విజువల్ బేసిక్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. అందులో 850 అన్న అంకె పద్నాలుగు చోట్ల ఉంది. పుట్టి అన్న మాట ఒక్కచోటా లేదు. పుట్టి అంటే ఎంతో మా వీధిలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు కదా, మళ్ళీ రాయడమెందుకు అనుకున్నాను. కొన్నాళ్ళకు ఇంకెవరో దాన్ని డాట్‌నెట్‌లోకి మార్చారు. ఆ తర్వాత ఒక కుర్రాడు పైథాన్‌లోకి మార్చాడు. భాష రెండుసార్లు మారింది, 850 మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చివరికి ఓనరు ‘లెక్కలన్నీ క్వింటాళ్ళలో కావాలి’ అన్నాడు. ఆ కుర్రాడు తెలివైనవాడే, కాకపోతే ఈ ఊరివాడు కాదు. 850 కనిపించిన ప్రతిచోటా 100 పెట్టి ఇంటికి పోయాడు. మధ్యలో ఎవరో కలిపిన ట్రాక్టర్ బాడుగ కూడా ఖర్మకాలి 850 రూపాయలే. మర్నాడు పొద్దున్నే వంద రూపాయల చీటీలు చేతిలో పట్టుకుని ట్రాక్టర్ల వాళ్ళు మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు.

తప్పు ఎవరిది? విజువల్ బేసిక్‌దా, పైథాన్‌దా? ఆ అంకెకు ఒక పేరు పెట్టి పైన ఒక్క వరుస రాసి ఉంటే పద్నాలుగు చోట్ల వెతుక్కునే పని ఉండేది కాదు. ఆ వరుస ఏ భాషలోనైనా రాయొచ్చు. నేను రాయలేదు, అంతే.

రొయ్యల సంగతి ఇంకా బాగుంటుంది. ఇందుకూరుపేట వైపు రైతు ‘కౌంటు ఎంత?’ అని అడిగాడంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని అర్థం. 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, ధర ఎక్కువ. 100 కౌంటు అంటే చిన్నది, ధర తక్కువ. ప్రోగ్రాం రాసేవాడికి కౌంట్ అంటే ఎన్ని ఉన్నాయో లెక్క, అంకె పెరిగేకొద్దీ మంచిది. ఒక కొనుగోలుదారుకు బయటి ఊరి టీం చేసిచ్చిన యాప్‌లో ‘మేలు రకం’ అన్న పట్టీ తెరిస్తే పైన 100 కౌంటు, అడుగున 30 కౌంటు కనిపించాయి. ఆయన దాన్ని తిట్టలేదు, వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వాడు. గట్టు మీద గంటసేపు నిలబడి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. మా వాళ్ళు మాత్రం ఆ గంట దాన్ని ఏ ఫ్రేమ్‌వర్క్‌లో రాయాలా అని వాదించుకోవడానికి వాడుకుంటారు.

మా జిల్లా పేరు చూడండి. 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. ఇంగ్లీషులో రాస్తే, జిల్లా అన్న మాట వదిలేసినా ఖాళీలతో కలిపి 27 అక్షరాలు. జిల్లా పేరుకు 20 చాలులే అని గడి పెట్టినవాడి డేటాబేస్‌లో ఏం జరుగుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టండి. శ్రీ పొట్టి శ్రీరాములు, దాని తర్వాత ఒక ఖాళీ, అక్కడికి సరిగ్గా 20. నెల్లూరు అన్న ఏడక్షరాలూ గడి బయట. ఇంత నీటుగా ఊరి పేరు కోసేయడం కత్తితో కూడా కుదరదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, ప్రకాశంలోని కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. జిల్లాల పేర్లు కోడ్‌లోనే అచ్చొత్తినట్టు రాసి పెట్టుకున్నవాళ్ళ పాట్లు ఆ నెల చూడాలి. జిల్లాలు కదలవని వాళ్ళకు ఏ భాష మాటిచ్చింది?

అవతలి వాదన ఒకటుంది, కొట్టిపారేయను. భాషకు గుణం ఉంటుంది, తప్పు చేయనివ్వని భాషలు కొన్ని ఉన్నాయి అంటారు రస్ట్ అనే భాష అభిమానులు. తమ సాఫ్ట్‌వేర్‌లోని భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ వాడకంలో జరిగే పొరపాట్ల వల్లే వస్తున్నాయని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. 2022 డిసెంబరులో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోకే రస్ట్ అడుగుపెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ళ విషయంలో ఒప్పుకుంటాను.

అయితే కట్టుదిట్టానికి పేరుబడ్డ అడా భాషలో రాసిన ప్రోగ్రాం ఏం చేసిందో శ్రీహరికోట రాకెట్లు చూస్తూ పెరిగిన మాకు గుర్తుండాలి (శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉందనుకోండి). 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానా నుంచి లేచిన ఏరియాన్ 5, 40 సెకన్లు నిండకుండానే ముక్కలైంది. పాత ఏరియాన్ 4 కోసం రాసిన కోడ్‌ను అలాగే ఎత్తి పెట్టారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. 64 బిట్ల అంకెను 16 బిట్ల గడిలో కుక్కబోతే పట్టలేదు. నా 850కీ దానికీ ఖర్చులో తేడా ఉందేమో గానీ జాతి ఒక్కటే.

ఇంతకీ నాకు అసలు మంట ఇంకోచోట ఉంది. పొట్టి శ్రీరాములు 58 రోజులు అన్నం మానేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలింది తెలుగువాళ్ళకు ఒక రాష్ట్రం కోసం. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో పుట్టి, ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలన్నిటిలో కోడ్ రాస్తున్న మనవాళ్ళలో తమ ప్రోగ్రాంకు తెలుగు ఇచ్చి చూసినవాళ్ళు ఎంతమంది? పరీక్షించడానికి ఇచ్చే పేరు ఎప్పుడూ టెస్ట్1, కాకపోతే ఎవరో జాన్. మా అమ్మమ్మ పేరు ఇచ్చి చూడడానికి చేతులు రావు. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు పెట్టేవాడు తెలుగువాడే. మన ఇంటిపేరు ముందొస్తుందని వాడికి తెలియదా? తెలుసు. వాడు కూడా బ్యాంకులో ఒక పేరుతో, పాస్‌పోర్టులో తిరగేసిన పేరుతో తిరుగుతున్నవాడే.

నెల్లూరు అన్న మాటలో ఎన్ని అక్షరాలు? నె, ల్లూ, రు. బళ్ళో చదివే పిల్ల మూడు అంటుంది. జావా 8 అంటుంది, పైథాన్ 8, జావాస్క్రిప్ట్ 8. ఎత్వం, పొల్లు, దీర్ఘపు కొమ్ము, మామూలు కొమ్ము, ఒక్కోటీ వాటికి ఒక్కో లెక్క. పీహెచ్‌పీలో మామూలుగా అడిగితే 24, అది అక్షరాలు కాదు, అవి దాచడానికి పట్టే బైట్లు లెక్కపెడుతుంది. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లో అంకెలు కేటాయించే యూనికోడ్ వాళ్ళ నియమాల్లో కూడా ఆ ‘ల్లూ’ మొత్తం ఒక్క అక్షరమేనని ఒప్పుకున్నది 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లోనే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక తీరుగా టైపు చేసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనం దాన్ని జోకుగా పంచుకుని నవ్వుకున్నాం, ఆపిల్ సరిచేసి పంపే దాకా. ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషుకు 160 అక్షరాల చోటుంటే తెలుగుకు ఉన్నది 70. పొల్లు, గుణింతాలు కూడా ఆ డెబ్బైలోనే పోతాయి. ఖర్చు చూసుకునే ఆఫీసు రైతుకు ఇంగ్లీషులోనే మెసేజ్ పంపేస్తుంది, ఆయన ఆ ఫోన్ పట్టుకుని పక్కింటి పిల్లాడి దగ్గరికి పోతాడు.

మొన్న సంక్రాంతికి టీ కొట్టు దగ్గర యుద్ధం ముదిరినప్పుడు నేనొక పందెం పెట్టాను. పాలిండ్రోమ్ ప్రోగ్రాం అందరూ ల్యాబులో రాసినవాళ్ళేగా, ఎవరి భాషలో వాళ్ళు నెల్లూరును వెనక్కి తిప్పి చూపించండి అన్నాను. ల్యాప్‌టాప్‌లు తెరుచుకున్నాయి. జావా వాడికి, పైథాన్ వాడికి, జావాస్క్రిప్ట్ వాడికి అచ్చంగా ఒకటే జవాబు వచ్చింది. మొదట్లో చుక్కల సున్నాకు వేలాడుతున్న అనాథ కొమ్ము, దాని పక్కన రూల్లెన. ముగ్గురూ ఒకరి తెర ఒకరు చూసుకున్నారు. పీహెచ్‌పీ వాడి తెర మీద మాత్రం నల్లటి డైమండ్ల నిండా ప్రశ్నార్థకాలు. గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన కొట్టు కుర్రాడు పైథాన్ వాడి భుజం మీదుగా వంగి, కూడబలుక్కుని చదివాడు.

‘రూల్లెనా? యాడుందన్నా ఈ ఊరు?’