డాంగిల్ పెడితే టీవీ అనుకుంటుంది!

విమానాలు పంపే రేడియో సిగ్నళ్లను యూఎస్‌బీ డాంగిల్‌తో (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) పట్టి, అవెక్కడున్నాయో తెరమీద చూద్దామని కూర్చుంటే మూడు రాత్రులు పోయాయి. మా ఇల్లు శంషాబాద్ దగ్గరే, విమానాలు డాబా మీంచే దిగుతాయి. చప్పుడు వినబడుతోంది, తెరమీద మాత్రం ఒక్కటీ లేదు! చివరికి తేలిందేంటంటే, లినక్స్ ఈ డాంగిల్‌ని టీవీ ట్యూనర్ అనుకుని తన డ్రైవర్‌ని ముందే తగిలించేస్తుంది. ఆ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్టులో (లోడ్ చేయొద్దని చెప్పే జాబితాలో) పెడితే తప్ప, విమాన సిగ్నళ్లను చదివే డంప్1090 ప్రోగ్రామ్ చేతికి డాంగిల్ చిక్కదు. ఇది నేర్పేవాళ్లు ఈ ఒక్క ముక్క మొదట్లోనే చెప్పొచ్చు కదా?

తర్వాత గెయిన్, అంటే రిసీవర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్. పెంచితే మంచిదనుకుంటాం. పెంచితే దగ్గరి విమానాల సిగ్నల్ రిసీవర్‌ని ముంచేసి, అవే మాయమవుతాయి. ఒక్కో మెట్టూ దించుతూ తెల్లవార్లూ కూర్చున్నా. ఇక యాంటెన్నా: విమానాలు సిగ్నల్ పంపే 1090 మెగాహెర్ట్జ్‌కి కావాల్సిన పొడవు, అంటే పావు తరంగం, 6.9 సెంటీమీటర్లే, డబ్బాలో వచ్చిందేమో జానెడు. స్కేలు పెట్టి కొలిచి కత్తిరించా. ఇష్టంగా మొదలుపెట్టిన పిల్లలు ఇక్కడే విసిగి వదిలేస్తుంటే కడుపు మండుతోంది.