సవరణ: పరలోక ప్రార్థనను మార్చింది పోప్ కాదు
యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థన అనువాదాల గురించి ఇంతకుముందు రాసిన టపాలో “2017లో పోప్ ఫ్రాన్సిస్ ప్రార్థనను మార్చారు” అన్న వాక్యాన్ని తొలగించి, దాని స్థానంలో ఈ వివరణను చేర్చుతున్నాను.

ఆ ఏడాది డిసెంబరులో ఇటలీలోని ఒక కాథలిక్ టెలివిజన్ ఛానల్‌తో మాట్లాడుతూ పోప్ చెప్పినది, “మమ్మును శోధనలోకి తేక” అనే అర్థమిచ్చే ఇటాలియన్ పాఠం మంచి అనువాదం కాదని, మనిషిని శోధనలో పడవేసేవాడు సాతానే గాని తండ్రి కాదని మాత్రమే. అది అభిప్రాయం, ఆజ్ఞ కాదు. ఫ్రాన్సులో “మమ్మును శోధనలో ప్రవేశింపనీయకుము” అనే అర్థం గల కొత్త పాఠం ఆ మాటలు ప్రసారం కాకమునుపే, డిసెంబరు 3న, అక్కడి బిషప్పుల నిర్ణయం మేరకు ఆరాధనలోకి వచ్చింది. ఇటలీ బిషప్పులు 2018 నవంబరులో ఆమోదించిన “శోధనకు మమ్మును విడిచిపెట్టకుము” అన్న పాఠం 2020 నవంబరు 29న అమలులోకి వచ్చింది. అయితే వారి 2008 నాటి బైబిలులో ఆ మాటే అప్పటికే ఉన్నందున, దాన్ని పోప్ ఖాతాలో వేయడం బొత్తిగా కుదరదు.

జర్మనీ బిషప్పులు మాత్రం 2018 జనవరిలో పాత పాఠానికే కట్టుబడ్డారు. గ్రీకు మూలంలోని క్రియకు “లోపలికి తీసుకొనిపోవు” అనే అర్థమే ఉన్నందున, వారి పట్టుదలను ఛాందసమని కొట్టిపారేయలేము. కాథలిక్ సంఘపు అధికారిక లాటిన్ పాఠాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.