లారెన్ నల్ల బుగాటీ: ఆ రంగు ఎవరిది?

అమెరికా బట్టల వ్యాపారి రాల్ఫ్ లారెన్ అనగానే చాలామందికి చొక్కా జేబు దగ్గర గుర్రం మీద పోలో ఆడే మనిషి బొమ్మ గుర్తొస్తుంది. పాత కార్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకు మాత్రం ముందు ఒక నల్ల కారు గుర్తొస్తుంది. 1938 నాటి బుగాటీ టైప్ 57 ఎస్‌సీ అట్లాంటిక్. ఈ మోడల్‌లో ఫ్రాన్స్ కంపెనీ బుగాటీ తయారుచేసినవి నాలుగే నాలుగు. ఒకటి రెండో ప్రపంచ యుద్ధకాలంలో మాయమైంది, ఇప్పటిదాకా దొరకలేదు. మరొకటి 1955లో ఫ్రాన్స్‌లో రైలు ఢీకొని నుజ్జునుజ్జయింది, మిగిలిన భాగాలతో మళ్లీ కట్టుకొచ్చారు. లారెన్ కారు అన్నిటికంటే చివర తయారైంది. పాత కార్లకు అందాల పోటీలు జరుగుతుంటాయి; 1990లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పోటీలో, 2012లో ఇటలీలోని విల్లా దెస్తె పోటీలో అత్యుత్తమ కారు బహుమతి దానికే వచ్చింది. ఫొటోల్లో ఎప్పుడు చూసినా నిగనిగలాడే నలుపే.

ఆ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు మాత్రం నల్లగా లేదు. నీలంగా ఉండేది.

ఇది చిన్న విషయమని నేననుకోవడం లేదు. ఎనభై ఏళ్లు దాటిన ఒక వస్తువు మీద దాన్ని కొన్నవాడికి ఎంతవరకు హక్కుంటుందన్న ప్రశ్న మొత్తం ఆ రంగులోనే ఉంది. అడిగే ముందు లారెన్‌కు దక్కాల్సిన గౌరవం దక్కాలి. ఎందుకంటే ఆయన సేకరణ డబ్బున్నవాళ్ల సరదా కొనుగోళ్ల లాంటిది కాదు.

లారెన్ 1939లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మామూలు కుటుంబంలో పుట్టారు. 1967లో మెడకు కట్టుకునే టైలు అమ్మడంతో వ్యాపారం మొదలుపెట్టారు. కుర్రతనంలో ముచ్చటపడి కొనుక్కున్న మొదటి కారు, తెల్లటి మోర్గాన్. ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో ఆయన కార్లకు ఒక ప్రత్యేక భవనమే ఉంది. అందులో 1962 ఫెరారీ 250 జీటీఓ, ఫెరారీ టెస్టా రోసా, పోర్షే 550 స్పైడర్, జాగ్వార్ డీ టైప్, మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, అల్ఫా రోమియో 8సీ 2900 ఉన్నాయి. జాబితా కాస్త జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఇందులో ఎక్కువ భాగం విలాసం కోసం పుట్టిన కార్లు కావు, పందెం కోసం పుట్టినవి. ఆయనకు నచ్చింది కష్టపడి పనిచేసే యంత్రం ముఖకవళికలు.

జాగ్వార్ డీ టైప్ డ్రైవర్ తల వెనక చేప వీపు మీద ఉండేదాని లాంటి రెక్క అలంకారం కాదు. ఫ్రాన్స్‌లోని లె మాన్స్ పందెంలో కిలోమీటర్ల కొద్దీ సాగే తిన్నని రోడ్డు మీద కారు అటూఇటూ ఊగకుండా నిలబెట్టడానికి పెట్టింది. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేవడం కూడా ఎవరో సొగసు కోసం చేసిన పని కాదు. బరువు తగ్గించడానికి సన్నటి గొట్టాలతో అల్లిన చట్రం తలుపు కింద చాలా ఎత్తుకు వచ్చేసింది. మామూలు తలుపు పెట్టడానికి చోటు మిగల్లేదు. దాంతో కీళ్లు కప్పుకు బిగించారు. అవసరం కొద్దీ పుట్టిన రూపం చివరికి చూసినవాళ్లెవరూ మర్చిపోలేని రూపమైంది.

అట్లాంటిక్ విషయంలో ఈ కథ ఇంకా బాగుంటుంది. ముందు అద్దం మధ్యలోంచి కప్పు మీదుగా తోక దాకా నిట్టనిలువుగా ఒక అంచు లేచి ఉంటుంది. బాడీ కుడి సగం, ఎడమ సగం అక్కడ కలుస్తాయి, రెండు అరచేతులు జోడించినట్టు. ఆ అంచు పొడవునా వరసగా రివెట్లు. దగ్గర్నుంచి చూస్తే ఒక్కో రివెట్ తల చిన్న గుండీలా కనిపిస్తుంది. 1935 పారిస్ మోటార్ షోలో బుగాటీ పెట్టిన నమూనా కారు కోసం ఎలెక్ట్రాన్ అనే మెగ్నీషియం మిశ్రలోహం వాడాలనుకున్నారు. తేలిక లోహమే గానీ వెల్డింగ్ మంట తగిలితే అంటుకుంటుంది. అందుకే రేకుల అంచులు పైకి మడిచి రివెట్లు కొట్టారు. తర్వాత అమ్మకానికి వచ్చిన అట్లాంటిక్‌లు అల్యూమినియంవి. హాయిగా వెల్డింగ్ చేసుకోవచ్చు. అయినా కంపెనీ స్థాపకుడు ఎత్తోర్ బుగాటీ కొడుకు జాన్ ఆ అంచును తీసేయలేదు. అందం కోసమే ఉంచేశాడు. 1939 ఆగస్టులో ఒక రేసు కారును పరీక్షిస్తూ, దారికి అడ్డొచ్చిన సైకిల్ మనిషిని తప్పించబోయి జాన్ చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు.

బట్టల మనిషైన లారెన్ ఈ కారుకెందుకు పడిపోయారో ఊహించడం కష్టం కాదు. దాచాల్సిన కుట్టును బయటికి తిప్పి, అదే సింగారమన్నట్టు వదిలేసిన వస్త్రంలా ఉంటుందది. 2005లో బోస్టన్ లలితకళల మ్యూజియంలో, 2011లో పారిస్‌లో లూవ్ర్ ప్రాసాదం పక్క భాగంలో ఉన్న అలంకార కళల మ్యూజియంలో ఆయన కార్లు ప్రదర్శించారు. పారిస్‌లో పెట్టినవి 17. కార్లను కళగా చూడటమేంటని అప్పట్లో విసుక్కున్నవాళ్లున్నారు. ఆ విసుగులో నాకు న్యాయం కనిపించదు. చెక్క మీద చెక్కితే కళ, అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి వంపు తెస్తే కాదా?

ఇక రంగు సంగతి.

1988లో లారెన్ అట్లాంటిక్‌ను కొన్నారు. మసాచుసెట్స్‌లో పాల్ రస్సెల్ వర్క్‌షాప్‌కు అప్పగించి పూర్తిగా విప్పించి బాగుచేయించారు. ఇలాంటి పూర్తి రిస్టోరేషన్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. బాడీని చట్రం మీద నుంచి లేపుతారు. పాత పెయింట్‌ను లోహం దాకా ఒలిచేస్తారు. సొట్టలు, అతుకులు సరిచేస్తారు. పొర మీద పొర వేస్తూ, ఒక్కో పొరకూ నునుపు పడుతూ రోజుల తరబడి రుద్దుతారు. చివరికి వచ్చే మెరుపు 1938లో ఫ్యాక్టరీ ఇచ్చిన మెరుపు కంటే ఎక్కువే. పనివాళ్ల చేతికి దండం పెట్టాలి. ఆ పనితనం గురించి నాకే ఫిర్యాదూ లేదు.

1980లలో, 90లలో పోటీల జడ్జీలు కోరుకున్నది కూడా అదే. మచ్చ లేని కారు గెలిచేది. మచ్చ లేకుండా చేసే క్రమంలో ఏం పోయిందని అడిగేవాళ్లు తక్కువ.

నలుపు ఎందుకన్నది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ వంపుల మీద నలుపు వేస్తే కంటికి రంగు అడ్డుపడదు, గీత మాత్రమే మిగులుతుంది. నల్ల సూటు వేసుకున్న మనిషి నిలువెత్తు రూపం ముందు కనిపించినట్టు. అందం విషయంలో లారెన్ కన్ను తప్పలేదని ఒప్పుకుంటాను. కానీ నీలానికి ఒక అర్థముంది. ఆ రోజుల్లో పందేల్లో ఇటలీ కార్లు ఎరుపు, బ్రిటన్‌వి ఆకుపచ్చ, జర్మనీవి మొదట తెలుపు, తర్వాత వెండి, ఫ్రాన్స్‌వి నీలం. అల్సాస్‌లోని మోల్‌షైమ్ నుంచి వచ్చిన బుగాటీకి నీలం ఇంటిపేరు లాంటిది. దాన్ని ఒలిచేస్తే కారు అందం తగ్గదు. కానీ తాను ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే నోరు మూతపడుతుంది.

ఇలా ఆలోచించేవాళ్లు మెల్లగా పెరిగారు. పెబుల్ బీచ్‌లోనే, రిస్టోర్ చేయని కార్లకు 2001లో ప్రత్యేక విభాగం పెట్టారు. 2024లో అంతకంటే పెద్ద మార్పే జరిగింది. 1950లో మొదలైన ఆ పోటీలో మొదటిసారి రిస్టోర్ చేయని కారు అత్యుత్తమ బహుమతి కొట్టింది. అదీ బుగాటీయే, 1934 టైప్ 59 స్పోర్ట్స్. అద్దంలా మెరిసే కార్ల నడుమ, అరిగిన పెయింట్‌తో, వయసు తెలిసే ఒంటితో వచ్చి నిలబడింది. 1934 బెల్జియం గ్రాండ్ ప్రీలో రెనె ద్రెఫ్యూస్ గెలిచింది ఆ కారుతోనే. ఆ తర్వాత దాన్ని రోడ్డు మీద నడిపే స్పోర్ట్స్ కారుగా మార్చారు.

అంతవరకూ నా వాదన సాఫీగా సాగుతుంది. కానీ ఆ కారు కూడా నలుపే. ఆ నలుపు ఫ్యాక్టరీ వేసింది కాదు. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ కారు కొన్నాక వేయించుకున్నది, మధ్యలో పసుపు చారతో. పసుపు బెల్జియం పందెం రంగు. అంటే ఒక యజమాని తన ఇష్టం కొద్దీ బుగాటీకి నలుపు వేయిస్తే దాన్ని గోరు తగలకుండా కాపాడి బహుమతి ఇచ్చారు. మరో యజమాని నలుపు వేయిస్తే నేనేమో ఇక్కడ తప్పు పడుతున్నాను. ఇదెక్కడి న్యాయం?

లారెన్ గ్యారేజీలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1930 మెర్సిడెస్ ఎస్‌ఎస్‌కే. అదీ నలుపే. 1993లో పెబుల్ బీచ్ బహుమతి దానికే వచ్చింది. దాన్ని అందరూ కౌంట్ ట్రోసీ కారు అంటారు. కార్లో ఫెలిచే ట్రోసీ ఇటలీ జమీందారు, రేసు డ్రైవర్, కొంతకాలం స్కుదేరియా ఫెరారీ అనే రేసు జట్టు అధ్యక్షుడు. మెర్సిడెస్ బాడీ తీయించేసి, తాను గీసుకున్న బొమ్మ ప్రకారం కొత్త బాడీ కట్టించుకున్నాడు. కన్నీటి చుక్కల్లా జారే మడ్‌గార్డులు, వాటి నడుమ కారు పొడవులో సగం ఆక్రమించిన బానెట్, దాని కింద ఏడు లీటర్లు దాటిన ఇంజన్. ఆ రోజు ఎవరైనా అడ్డుపడి, ఫ్యాక్టరీ ఇచ్చింది ఫ్యాక్టరీ ఇచ్చినట్టే ఉంచాలని పట్టుబట్టి ఉంటే ఇవాళ ప్రపంచం మెచ్చుకునే ఆ రూపమే ఉండేది కాదు. యజమాని చేసిన మార్పే ఆ కారు ప్రాణం.

కాబట్టి అసలు రంగే పవిత్రం అనే వాదన నిలవదు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ట్రోసీ కారు గురించి చదివాకే మనసు మార్చుకున్నాను. లియోపోల్డ్, ట్రోసీ తమ కార్లు ఇంకా కార్లుగా ఉన్నప్పుడు మార్చారు. అవి అప్పటికి పాత చరిత్ర కాదు, వాడుకునే వస్తువులు. మనం ఇంటి గోడకు సున్నం మార్చినట్టు మార్చుకున్నారు. 1988 నాటికి అట్లాంటిక్ పరిస్థితి అది కాదు. ఇలాంటివి లోకంలో మూడే మిగిలాయని అందరికీ తెలుసు. దాన్ని కొన్నది చరిత్ర వస్తువుగానే. చరిత్ర వస్తువుగా కొని, అందులోని యాభై ఏళ్లనూ ఒలిచేయడం దగ్గరే నాకు అభ్యంతరం. రంగు మార్చడం కంటే ఒలవడం పెద్ద నష్టం. పాత పెయింట్ పొరలను పుస్తకంలా చదవొచ్చు. ఎప్పుడు గుద్దుకుంది, ఎవరు అతుకు వేశారు, ఏ మూల పనివాడి సుత్తి గుర్తు మిగిలింది, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పేజీలు ఒకసారి చిరిగితే మళ్లీ రాయలేం.

దీనికి డబ్బు కూడా ఆజ్యం పోసింది. ఫెరారీ 250 జీటీఓ ఒకదాన్ని 1970ల చివర్లో పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ సుమారు 37 వేల పౌండ్లకు కొన్నారు. 2018లో మరో జీటీఓ వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. 2022లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపె ఏకంగా 13.5 కోట్ల యూరోలకు పోయింది. అంత ధర పలికే వస్తువును రోడ్డెక్కించాలంటే ఎవరికైనా టెన్షనే. గీత పడితే పోయేది లక్షల్లో ఉంటుంది. మేసన్ మాత్రం ఆ టెన్షన్‌కు లొంగలేదు. ఆయన జీటీఓ 1962 లె మాన్స్‌లో మూడో స్థానంలో వచ్చిన కారు. దాన్ని ఆయన దశాబ్దాలుగా పందేల్లో తోలుతూనే ఉన్నారు. స్వయంగా లె మాన్స్ 24 గంటల పందెంలో ఐదుసార్లు పాల్గొన్న మనిషి కాబట్టి కారుకేం కావాలో ఆయనకు తెలుసు.

నడపకపోతే ఏమవుతుందో మెకానిక్కులను అడిగితే చెబుతారు. పెట్రోల్ పాడై కార్బురేటర్ సన్నటి రంధ్రాల్లో జిగురులా పట్టేస్తుంది. ఆయిల్ సీళ్లు ఎండి బీటలిస్తాయి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుని లోపల తుప్పు పట్టిస్తుంది. టైర్లు నిలబడ్డ చోటే చదునైపోతాయి. మెరుస్తూ నిలబడిన కారు లోపల్లోపల చచ్చిపోతూ ఉంటుంది. ఈ విషయంలో లారెన్‌ను తప్పు పట్టలేం. ఆయన కార్లు నడిచే స్థితిలోనే ఉంటాయి, ఆయనా నడుపుతారు. అయితే నా మనసు మేసన్ వైపే మొగ్గుతుంది. ఆయన కారు మీద పడే ప్రతి రాయి దెబ్బా ఆ కారు కథలో మరో వాక్యం.

లారెన్ వయసు ఇప్పుడు ఎనభై దాటింది. ఎప్పుడో ఒకప్పుడు ఆ అట్లాంటిక్ వేరే చేతుల్లోకి వెళుతుంది. అప్పుడు కొత్త యజమాని పక్కన చేరి ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు, దీని అసలు రంగు నీలం కదా, మళ్లీ నీలం చేద్దామని. ఇంతసేపు నీలం తరఫున వాదించాను కాబట్టి నేనూ సై అంటానని మీరనుకోవచ్చు. అనను. ఆ నలుపు వేసి ముప్ఫై ఐదేళ్లు దాటింది. రెండు ఖండాల్లో బహుమతులు గెలిచింది ఆ నలుపుతోనే. బోస్టన్‌లో జనం చూసింది ఆ నలుపునే. ఒక ఇరవయ్యో శతాబ్దపు బట్టల వ్యాపారి కన్ను జాన్ బుగాటీ గీతను ఎలా చూసిందో చెప్పే పొర అది. దాని కింద 1938 నీలం ఎటూ లేదు. ఇప్పుడు వేసేది ఏ నీలమైనా కొత్త డబ్బాలోంచి వచ్చిందే అవుతుంది. పోటీకి పంపడానికి కూడా దాన్ని ఒలవొద్దు. బండి తీసి రోడ్డెక్కించండి. ఆ నలుపు మీద రాళ్లు తగలనివ్వండి, ఎండకు వెలవనివ్వండి.