విస్తరి ఎత్తేదెవరండీ?

వాట్సాప్‌లో మళ్లీ ఎవరో పెట్టారు, ఫుడ్ వేస్ట్‌తో గ్యాసంట, ఎరువంట, కోట్లంట. గుంటూరు బ్రాడీపేటలో మెస్ నడుపుతున్నా, నాకూ వినడానికి బానే ఉంది, కానీ విస్తరి ఎత్తేదెవరండీ?

మా దగ్గర రోజుకి ఓ 80 కేజీలు పోద్ది. 2022లో ఇండోర్‌లో మొదలైన ప్లాంటు రోజుకి 550 టన్నుల తడి చెత్త తీసుకుని 17 టన్నుల గ్యాస్ ఇచ్చేట్టు కట్టారు, అంటే వంద కేజీలకి మూడు కేజీలు, ఎందుకంటే అన్నం కూరల్లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ లెక్కన నా వారం చెత్తంతా కలిపినా 19 కేజీల కమర్షియల్ సిలిండర్ ఒక్కటి నిండదు. దాన్ని ఏరడానికి మనిషిని పెడితే రోజుకి 500, వారానికి 3500, దానికన్నా సిలిండర్ కొనుక్కోవడమే నయం.

ఏరడమంటే ఏంటనుకున్నారు, విస్తరి మడిచి లేస్తారు కదా, విప్పితే లోపల టిష్యూ, పెరుగు కప్పు మూత, నిమ్మచెక్క, పప్పన్నంలో అతుక్కుపోయిన ప్లాస్టిక్ చెంచా, ఓసారైతే కండక్టర్ చిల్లర బాకీ రాసిచ్చిన ఆర్టీసీ టికెట్టు, పైగా ఆ చిల్లర కోసం తిన్నాయనే వెనక్కొచ్చి వెతుక్కున్నాడు. చేతులు కడిగే చోట రెండు డ్రమ్ములు పెట్టి తడి, పొడి అని పెద్దక్షరాలతో రాయించా. రెండు రోజులు చూశారు, మూడో రోజు నుంచి ఏది దగ్గరుంటే అందులో.

అదే కాగిన నూనె చూడండి, డబ్బాలో విడిగా ఉంటది, నీళ్లుండవు, బయోడీజిల్‌కి వాడతారు కాబట్టి కొనేవాళ్లే వచ్చి లీటరుకింత అని ఇచ్చి పట్టుకెళ్తారు. ఇండోర్‌లో అయితే ఆ ప్లాంటు నడిపే కంపెనీయే కార్పొరేషన్‌కి ఏడాదికి రెండున్నర కోట్లు కట్టేట్టు ఒప్పందం, అక్కడ జనం ఇంట్లోనే తడీ పొడీ వేరుచేసి ఇస్తారు మరి. ఆ ఏరే కూలి ఎవరూ ఇవ్వక్కర్లేదు. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో కూడా అంతే, వచ్చేది కూరగాయల చెత్తే, 10 టన్నులకి 500 యూనిట్ల కరెంటు. మనం మాత్రం అన్నీ కలిపేసి ఆ తర్వాత మిషన్ కొందాం అంటాం. ఇక్కడే ఒళ్లు మండుద్ది నాకు.

మా మెస్‌లో గిట్టుబాటయ్యేది ఒక్కటే. గోరంట్ల నుంచి ఒకాయన పొద్దున్నే రెండు క్యాన్లతో వస్తాడు, బియ్యం కడిగిన నీళ్లు, గంజి, సొరకాయ చెక్కు, అన్నీ కుడితికి. బదులుగా రెండు లీటర్ల పాలు. ఎంగిలి డ్రమ్ము కూడా తీసుకుపో బాబాయ్ అంటే మూత తీసి వాసన చూసి పెట్టేశాడు. "ఇంత ఉప్పూకారం గేదెకెక్కడ పెడతామయ్యా, మీ జనానికంటే సరిపోయిద్ది గానీ."