టీవీ వెనక పెట్టే స్విచ్: మామూలుదా, మేనేజ్డా?

టీవీ స్టాండ్ దగ్గరికి రౌటర్ నుంచి వచ్చేది ఒక్కటే కేబుల్. అక్కడ టీవీ, గేమ్ కన్సోల్, స్ట్రీమింగ్ బాక్స్, ఏవీ రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె), సినిమాలు దాచుకున్న నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే హార్డ్‌డిస్క్ పెట్టె), మొత్తం ఐదు ఉన్నాయి. అన్నిటికీ వైరు కావాలంటే మధ్యలో ఈథర్నెట్ స్విచ్ ఉండాలి. ఎలాంటి స్విచ్ కొనాలన్న దగ్గర అక్కాతమ్ముళ్లకు పేచీ వచ్చింది.

అక్క: సెట్టింగులేవీ లేని మామూలు గిగాబిట్ స్విచ్ చాలురా. కేబుళ్లు పెట్టగానే పని మొదలుపెడుతుంది. కాకపోతే ఎనిమిది పోర్టులది తీసుకో. ఐదు పోర్టులదైతే ఒకటి రౌటర్‌కే పోతుంది, నాలుగే మిగులుతాయి.

తమ్ముడు: ఎనిమిదికి నేనూ సరే. కానీ ఎలాగూ కొంటున్నాం కదా, మనం సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్ కొందామక్కా. ఏ పోర్టులో ఎంత డేటా పోతోందో చూడొచ్చు, గేముకి ప్రయారిటీ ఇవ్వొచ్చు. వీలైతే 2.5 గిగాబిట్‌ది తీసుకుందాం.

అక్క: ప్రయారిటీ పనికొచ్చేది దారి ఇరుకైన చోట. ఒక 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, ఈ వైరు మోసేది 1000. ఇరుకంతా ఇంటర్నెట్ కనెక్షన్ దగ్గరే వస్తుంది. దాన్ని సర్దాల్సింది రౌటర్. ఇక 2.5 అంటావా, వైరుకు రెండు వైపులా ఆ పోర్టు ఉంటేనే ఆ వేగం. పీఎస్5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఉన్నవి గిగాబిట్ పోర్టులే.

తమ్ముడు: మరి నాస్‌లోంచి 4కే బ్లూరే ఫైల్ వేస్తే టీవీలో మధ్యమధ్యలో ఎందుకు ఆగుతోంది? అదీ వైరు మీదే ఉందిగా!

అక్క: అది టీవీలోని పోర్టు వల్ల. కొత్త స్మార్ట్ టీవీల్లో కూడా చాలావాటికి 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ పోర్టే పెడుతున్నారు. ఇంత ఖరీదు పెట్టి కొనే టీవీలో ఆ చిన్న పోర్టు పెట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. 4కే బ్లూరే బిట్‌రేట్, అంటే సెకనుకు కావాల్సిన డేటా, భారీ సీన్లలో 128 ఎంబీపీఎస్ దాకా వెళ్లగలదు. ఎంత గొప్ప స్విచ్ తెచ్చినా ఆ పోర్టు దగ్గర 100కి దిగాల్సిందే. ఒక్కోసారి అదే టీవీకి మంచి వైఫైలో అంతకన్నా ఎక్కువ వేగం వస్తుంది. ఆ ఫైల్‌ను గిగాబిట్ పోర్టున్న స్ట్రీమింగ్ బాక్స్‌లో వేసి చూడు. నాస్, బాక్స్ ఒకే స్విచ్‌కి ఉంటే సినిమా డేటా రౌటర్ దాకా పోనే పోదు, నేరుగా ఇటు నుంచి అటు వెళ్తుంది.

తమ్ముడు: సరే, టీవీ సంగతి తేలింది. రేపు ఐపీటీవీ, అంటే నెట్ లైన్ మీద వచ్చే టీవీ ఛానళ్లు, పెట్టించుకున్నామనుకో. లైవ్ ఛానళ్లు మల్టీకాస్ట్‌లో (ఒకే ప్రసారం ఒకేసారి చాలామందికి పంపే పద్ధతిలో) వస్తే, ఏ పోర్టు ఏ ఛానల్ అడిగిందో గమనించే ఐజీఎంపీ స్నూపింగ్ లేని స్విచ్ వాటిని అడిగిన బాక్స్‌కే కాక అన్ని పోర్టులకూ పంపేస్తుంది. నువ్వు చెప్పిన ఆ 100 పోర్టుకి అక్కర్లేని ఛానళ్లు కూడా వచ్చి పడతాయి. అప్పుడేం చేస్తావ్?

అక్క: అది మాత్రం నిజమే. ఐపీటీవీ ఉంటే స్నూపింగ్ ఉన్న స్విచ్చే కొనాలి. అయితే కొన్ని మామూలు స్విచ్‌లలోనూ అది ఉంటుంది, స్పెసిఫికేషన్లలో వెతకాలి. యాప్‌లలో చూసే సినిమాలు యూనికాస్ట్, అంటే అడిగిన ఒక్క పరికరానికే వచ్చేవి కాబట్టి వాటికి ఈ గొడవే లేదు. పైగా మేనేజ్డ్‌లో స్నూపింగ్ తప్పుగా సెట్ చేస్తే ఫోన్‌కి టీవీ కనిపించకుండా పోవచ్చు. అప్పుడు కారణం వెతకలేక తల బద్దలవుతుంది.

తమ్ముడు: లూప్ మాటేమిటి? ఖాళీగా వేలాడుతున్న కేబుల్‌ను ఎవరో తెలియక ఇంకో పోర్టులో పెడతారు. రౌటర్‌కీ స్విచ్‌కీ మధ్య రెండు వైర్లయితే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు (అన్ని పరికరాలకూ పంపే డేటా ముక్కలు) అందులోనే తిరుగుతూ ఇంట్లో నెట్ మొత్తం కూలిపోతుంది. మామూలు స్విచ్‌కి ఆ సంగతే తెలియదు. ఇంట్లో కేబుళ్లు ముట్టుకునేది నువ్వొక్కదానివే కాదుగా!

అక్క: లూప్ పసిగట్టేవి మామూలు వాటిలోనూ కొన్ని ఉన్నాయి.

తమ్ముడు: ఉన్నాయి సరే. స్నూపింగూ కావాలి, లూప్ రక్షణా కావాలి అంటూ వెతికితే చివరికి దొరికేది ఎక్కువగా స్మార్ట్ స్విచ్‌లే, అంటే కొద్దిపాటి సెట్టింగులతో వచ్చే చిన్న మేనేజ్డ్ స్విచ్‌లే. ధర కూడా పెద్ద మేనేజ్డ్ వాటంత ఉండదు. అదే తెద్దాం.

అక్క: నాకింకా మామూలుదే నచ్చుతోంది. అయినా తేవాలనుకుంటే తీసుకురా, గిగాబిట్ చాలు. ఫ్యాన్ లేనిది చూడు. హాల్లో సినిమా చూస్తుంటే ఆ రొద భరించలేం. పెట్టిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి, అప్‌డేట్లు వస్తే వెయ్యాలి. ఆ రెండూ నీ పనే.