సూట్‌కేసులో వీఆర్ హెడ్‌సెట్ పెట్టే ముందు

ఎండాకాలం సెలవులకు ఇండియా వెళ్లే మనవాళ్ల సూట్‌కేసుల్లో ఒకప్పుడు చాక్లెట్లు, సెంటు సీసాలు, బాదం ప్యాకెట్లు ఉండేవి. తర్వాత ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఇప్పుడు నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు నుంచి మేనల్లుళ్లు వాట్సాప్‌లో అడుగుతున్నది వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్లకు తగిలించుకుంటే చుట్టూ ఆట లోకమే కనిపించే పెట్టె. "మామా, వచ్చేటప్పుడు క్వెస్ట్ పట్టుకురా, అక్కడ చీప్ అంట కదా!" క్వెస్ట్ అంటే ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ హెడ్‌సెట్. మేనమామ అయ్యాక కాదనడం కష్టమే. అయినా నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒక ఇంట్లో ఒక పిల్లాడి కోసం కొంటే ఆ డబ్బు దండగ. పదిమంది ఆడుకునే చోట పెడితే గిట్టుబాటే.

అలాగని ధర అన్యాయంగా ఉందని నేను అనను. 2016లో అప్పటి హెడ్‌సెట్లు ఓక్యులస్ రిఫ్ట్ 599 డాలర్లు, హెచ్‌టీసీ వైవ్ 799 డాలర్లు ఉండేవి. అవి నడవాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కూడా కావాలి, ఆ ఖర్చు వేరే. 2024 అక్టోబరులో క్వెస్ట్ 3ఎస్ 299 డాలర్లకే వచ్చింది, కంప్యూటర్ అక్కర్లేదు. మన లెక్కలో పాతిక వేల పైచిలుకు, అంటే ఓ మధ్యరకం ఫోను ధర. మెటా కంపెనీలో ఈ హెడ్‌సెట్లు చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగం 2024లో 17 బిలియన్ డాలర్లకు పైగా నష్టపోయింది కాబట్టి, మన జేబులు కొట్టి వాళ్లు బాగుపడ్డారని కూడా అనలేం. యాపిల్ విజన్ ప్రో 3,499 డాలర్ల సంగతి ఇక్కడ వదిలేద్దాం. ఆటల కోసం ఎవరూ దాన్ని కొనరు.

సరుకు కూడా మంచిదే. బీట్ సేబర్ అనే ఆటలో పాటకు తగ్గట్టు ఎదురొచ్చే డబ్బాలను రెండు చేతులతో నరుకుతుంటే పావుగంటలో చొక్కా తడిసిపోతుంది. హైదరాబాద్‌కు చెందిన ప్రోయుగా కంపెనీ తయారుచేసిన ఐబీ క్రికెట్‌లో బ్యాట్ పట్టుకుని నిలబడితే, బౌలర్ పరుగెత్తుకుంటూ వస్తుంటే నిజంగానే గుండె దడదడలాడుతుంది. టీవీ ముందు కూర్చుని ఆడే ఆటలో ఈ అనుభవం రాదు.

చిక్కంతా మన ఇళ్లలో ఉంది. నిలబడి, అటూ ఇటూ కదులుతూ ఆడాలంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం కావాలని మెటాయే చెప్తుంది. నల్గొండ రామగిరిలో మా అక్క వాళ్ల హాల్లో దివాన్, సోఫా, బీరువా, ఎండాకాలమైతే మధ్యలో కూలర్. పైన సీలింగ్ ఫ్యాను. మేనల్లుడు సిక్సర్ కోసం చెయ్యెత్తితే ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. పోనీ డాబా మీదికి పంపిద్దామా? పగలు కుదరదు. ఎండ నేరుగా లెన్సుల మీద పడితే అవి భూతద్దంలా పనిచేసి లోపలి డిస్‌ప్లేను కాల్చేస్తాయి, ఆ మచ్చలు మళ్లీ పోవు. రాత్రీ కష్టమే. చుట్టూ ఏముందో హెడ్‌సెట్ తన కెమెరాలతో చూసుకుంటుంది, చీకట్లో దానికి సరిగ్గా కనిపించకపోవచ్చు. ఫోను డిస్‌ప్లే పగిలితే గడియారం సెంటర్ దగ్గర మార్చుకోవచ్చు. దీన్ని విప్పే మెకానిక్ ఎక్కడున్నాడు?

మే నెల ఎండ సంగతి మనకు కొత్త కాదు. నల్గొండలో 45 డిగ్రీలు దాటిన రోజుల్లో అర కిలో బరువున్న పెట్టెను ముఖానికి బిగించుకుని గంతులేయడం ఊహించుకోండి.

కళ్లు తిరగడం ఇంకో గొడవ. ముందుకు దూసుకుపోతున్నామని కళ్లు చెప్తాయి, కదలడమే లేదని లోపలి చెవి చెప్తుంది. రెండూ తేడా వచ్చేసరికి కొందరికి వికారం మొదలవుతుంది. నిలబడిన చోటే ఆడే బీట్ సేబర్ లాంటి వాటిలో ఇది తక్కువ, కార్ రేసుల్లో ఎక్కువ. ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో పెట్టుకుని చూస్తే తప్ప తెలియదు. పాతిక వేలు పెట్టి కొన్నాక తెలుసుకోవాల్సిన విషయమా ఇది?

పైగా మన పిల్లలు ఆటకు డబ్బు పెట్టడం అలవాటైనవాళ్లు కారు. ఫోన్లో ఆడే బీజీఎంఐ అనే షూటింగ్ ఆట ఉచితం, డేటా ఉంటే చాలు. బీట్ సేబర్ ఒక్కటే 30 డాలర్లు, అంటే రెండున్నర వేలు దాటుతుంది. ఉచిత ఆటలు లేకపోలేదు గానీ, బాగున్నవి నాలుగు కొనేసరికి ఓ చవక ఫోను డబ్బులవుతాయి. ఇంత పెట్టాక అది ఎన్నాళ్లు నడుస్తుందన్నదీ అనుమానమే. 2019లో వచ్చిన మొదటి క్వెస్ట్‌కు ఇక కొత్త ఫీచర్లు రావని 2023 జనవరిలో మెటా ప్రకటించేసింది. నాలుగేళ్లు కూడా నిండలేదు.

అన్నిటికంటే నన్ను ఆపేది వేరే. సాయంత్రం అరుగు మీద నలుగురు పిల్లలు ఫోన్లు అడ్డంగా పట్టుకుని "వెనక చూడరా, వెనక!" అని అరుచుకుంటుంటే అది ఆటలా ఉంటుంది. హెడ్‌సెట్ తగిలించుకున్నవాడు ఒక్కడే వేరే లోకంలో ఉంటాడు, మిగతా ముగ్గురు వాడి వంతు ఎప్పుడైపోతుందా అని గోడకానుకుని నిలబడతారు. రెండు వారాలకు ఆ ముగ్గురూ రావడం మానేస్తారు. ఆ తర్వాత వాడికీ బోర్ కొడుతుంది, పెట్టె బీరువా పైకెక్కుతుంది.

అందుకే, పట్టుకెళ్లాలనే అనుకుంటే దాన్ని ఇంటికి కాకుండా పదిమందీ వచ్చే చోటికి ఇవ్వండి. గంటకింత అని తీసుకుని ప్లేస్టేషన్ ఆడించే గేమింగ్ సెంటర్‌కు, చదువుకున్న కాలేజీకి, లేదా కమ్యూనిటీ హాలుకు. అక్కడ స్థలం ఉంటుంది, హెడ్‌సెట్‌లో కనిపించేదంతా టీవీ మీద చూపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, గేలి చేస్తారు, సలహాలిస్తారు. వికారం వచ్చినవాడు పది నిమిషాలకే లేచిపోతాడు, వాడికి పోయేది ఆ కాస్త అద్దే. నెలకో కొత్త గేమ్ కొన్నా ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. ఒక్క మినహాయింపు: మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతూ యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో గేములు తయారుచేయడం నేర్చుకుంటుంటే వాడికి ఇచ్చేయండి, అది వాడి పనిముట్టు.

ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ పాత అకౌంట్ తీసేసి, అక్కడ దాన్ని చూసుకునే మనిషి ఫోన్లోనే యాప్ వేయించి, వాళ్ల అకౌంట్‌తో మొదలుపెట్టండి. లేకపోతే ఆ తర్వాత కొనే గేములన్నీ మీ పేరు మీదే పడతాయి. పదేళ్లలోపు పిల్లలకు అకౌంట్ ఇవ్వరు, బతిమాలినా పెట్టుకోనివ్వొద్దని చెప్పండి. నచ్చని గేమ్‌ను 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే వాపసు చేయొచ్చు, అదీ చెప్పి రండి. చెమట పీల్చుకోని సిలికాన్ కవర్ ఒకటి అదనంగా కొనండి. చేతుల్లో పట్టుకునే కంట్రోలర్లకు మాత్రం ఇక్కడి నుంచి ఏమీ మోయక్కర్లేదు. ఒక్కోదానికి ఒక పెన్సిల్ సెల్ చాలు, అవి ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.